నీలిబానకు తోడు

ఏటికి ఇవతల ఒకానొక రాజ్యాన్ని గుండమరాజు ఏలేవాడని మా తాత చెప్పేవాడు. మంచివాడేగానీ, తనకు తెలియని పని లేదనుకునేవాడు.

చిన్నప్పుడు వాళ్ల నాన్న చుట్టుకున్న నీలి తలపాగా ఆయన మనసులోంచి పోలేదు. ఆ నీలం ఏటి అవతలి రాజ్యంలోనే అద్దేవారు. గుండమరాజు ఆ అద్దకశాలనే కొనేసి, బానలతోనూ మనుషులతోనూ తెచ్చి తన అద్దకశాలలో కలిపేసుకున్నాడు.

బానలు దిగగానే ముక్కు మూసుకున్నాడు. "ఏం కంపు! ఈ పాతనీళ్లు పారబోసి, బానలు తోమి, మంచినీళ్లు పోయండి. పాతది చుక్క కలిసినా ఊరుకోను" అన్నాడు.

అద్దకంవాళ్ల పెద్ద మల్లవ్వ వద్దు దొరా, వద్దు దొరా అంటూనే ఉంది. వినేదెవరు?

నెల గడిచినా గుడ్డకు రంగు పట్టలేదు. "పనితనం అవతలే దాచి వచ్చారు. రేపు పొద్దెక్కేలోగా మీ ముప్పై కుటుంబాలూ ఏరు దాటాలి" అన్నాడు రాజు. అవతల వాళ్లకిక ఇల్లూ లేదు, పనీ లేదు. పాపం, మల్లవ్వ మూట సర్దుకోసాగింది.

ఆస్థానంలో చెన్నిభట్టు అని ఒక గడుసువాడు ఉండేవాడు. ఆ రాత్రే రాజును భోజనానికి పిలిచి, "అవతలి ఊరి ఎల్లమ్మ పెరుగంటే తమకిష్టం కదా ప్రభూ, ఆమె పెరుగుకుండనే కొనుక్కొచ్చాను" అన్నాడు.

చివర్లో అన్నంలో పడ్డది పెరుగు కాదు, పాలు.

"కుండ పులిసిన కంపు కొడుతుంటే శుభ్రంగా తోమించి పాలు పోశాను ప్రభూ. మధ్యాహ్నం నుంచీ పాలు పాలలాగే ఉన్నాయి. ఎల్లమ్మ మోసం చేసింది, శిక్షించండి."

"తోడు కడిగేసుకున్నది నువ్వు. మధ్యన ఎల్లమ్మ ఏం చేసిందయ్యా?"

"మరి మల్లవ్వ ఏం చేసింది ప్రభూ?"

రాజు చెయ్యి విస్తట్లోనే ఆగిపోయింది. వెంటనే మల్లవ్వను పిలిపించాడు. ఆమె అప్పటికే మూట కట్టేసుకుంది. "తోడంతా నేనే పారబోయించాను. ఇప్పుడెట్లా అవ్వా?" అన్నాడు.

మల్లవ్వ మూటలోంచి మూతికి గుడ్డ కట్టిన ముంత తీసింది. "ప్రాణం ఒప్పక ఇంత దాచుకున్నా దొరా. తమ ఆజ్ఞ దాటి బానలో కలపలేకపోయాను. మా అమ్మకు వాళ్లమ్మ ఇచ్చిన తోడిది. మీ నాన్నగారి తలపాగా దీంతోనే అద్దారు."

రాజు వంగి వాసన చూశాడు. ఈసారి ముక్కు మూసుకోలేదు. "నాన్న భుజమ్మీద పడుకుంటే ఈ వాసనే వచ్చేది" అన్నాడు. కళ్లు చెమర్చాయి.

కాసేపటికి తన తెలివికి తనే పడీపడీ నవ్వాడు. ఆ తోడును బానల్లో కలిపించి, మల్లవ్వ వాళ్లకు ఏటి ఇవతలి ఒడ్డునే ఇళ్లు కట్టించాడు. చెన్నిభట్టుకు రెండు పాడి ఆవులిచ్చి, "ఈసారి ఎల్లమ్మ దగ్గర కుండ కాదు, కాస్త తోడు తెచ్చుకోవయ్యా" అన్నాడు.