కొండ మీది సభకు కింది జవాబు

అనగనగా ఒక అడవి కాదర్రా, ఏకంగా మూడడవులు! వెదురడవి, టేకడవి, తుమ్మడవి. మూడింటికీ కొండ మీంచి దిగే ఒకటే వాగు. ఆ నీళ్ళ కోసం తాతల నాడు కొట్టుకు చచ్చేవి. చివరికి విసుగెత్తి, "ఇక చాలు, కలిసి బతుకుదాం" అని కొండ మీద ఒక పెద్ద సభ పెట్టుకున్నాయి. అడవికో పెద్ద వెళ్ళి అందులో కూర్చునేవాడు. బంటయ్య అనే ఎలుగుబంటి సభను నడిపేవాడు.

ఆ సభకో ఆచారం ఉంది. ఏది నిర్ణయించినా బంటయ్య కొండ అంచుకొచ్చి, "ఎవరైనా కాదంటారా?" అని ముమ్మారు అడగాలి. అడిగేవాడు పాపం! అంత ఎత్తు నుంచి అడిగితే కింద ఎవరి చెవిన పడుతుంది? జవాబు రాకపోయేసరికి, "మౌనం అర్ధాంగీకారం! అందరూ ఒప్పుకున్నారు" అని బొజ్జ నిమురుకుంటూ వెళ్ళిపోయేవాడు.

తుమ్మడవిలో వాగు ఒడ్డున రేవమ్మ అనే నీటికుక్క ఉండేది. చేపలు పట్టి తన రెండు కూనల్ని సాకేది. ఒక ఎండాకాలం పొద్దున లేచి చూస్తే వాగులో నీళ్ళు సన్నగా దారంలా పారుతున్నాయి. చేపలు లేవు. కూనలు ఆకలితో ఒకటే ఏడుపు.

"కొండ మీద తమ మడుగు నింపుకోవడానికి సభవాళ్ళు వాగుకు రాళ్ళు అడ్డం పెట్టించారు" అని చెప్పింది లకుముకి పిట్ట.

రేవమ్మ రొప్పుతూ కొండెక్కింది. "అయ్యా, నా పిల్లలు పస్తులున్నారు. ఆ రాళ్ళు తీయించండి!"

"అందరి మేలుకే చేశాం తల్లీ" అన్నాడు బంటయ్య. "ముమ్మారు అడిగాంగా, అప్పుడేం చేశావ్?"

"వినబడితే కదా!"

"ఒక్కదానివి వచ్చి కాదంటే ఎలా? ఇది మూడడవుల మాట. రేపు ఆ రాళ్ళ మీద ఇంకో వరస పేర్పిస్తున్నాం. అప్పుడూ అడుగుతాంలే."

ఇంకో వరసా! ఆ దారం కూడా తెగిపోతుంది. రేవమ్మ గబగబా కొండ దిగింది. పిల్లల్ని తీసుకుని ఎటైనా పోదామా అనుకుంది. మళ్ళీ తనే, "అడగనిదే అమ్మైనా పెట్టదు. నేనొక్కదాన్నే అడిగాను. అందరం అడిగితే?" అనుకుంది.

ముందు తన తుమ్మడవిలో కుందేళ్ళ దగ్గరికి వెళ్ళింది. "మన పెద్ద పైన ఉన్నాడుగా, చూసుకుంటాడు" అన్నాయవి. "ఆయన కిందికి దిగి మిమ్మల్ని ఎప్పుడైనా అడిగాడర్రా?" అంది రేవమ్మ. కుందేళ్ళు "అవును సుమా, ఎప్పుడూ లేదు!" అంటూ లేచాయి.

టేకడవిలో అడవిపందులు గుర్రుమన్నాయి. "మీ తుమ్మడవివాళ్ళతో మాకేం పని? పాత పగలు మర్చిపోయావా?" "పగలు దాహం తీరుస్తాయా బాబాయ్?" అంది రేవమ్మ. పందులు ఎండిపోతున్న వాగు వైపు చూసి, "సరే, పదమ్మా" అన్నాయి.

వెదురడవి కోతులు గోక్కుంటూ, "సభలో మాట్లాడే తెలివి మాకెక్కడిది?" అన్నాయి. "దాహమేస్తోందని చెప్పడానికి తెలివి కావాలా?" అంది. కోతులు కిచకిచా నవ్వి ఆమె వెంట నడిచాయి.

తెల్లారింది. బంటయ్య కొండ అంచుకొచ్చి, అలవాటుగా ఆవులిస్తూ, "ఎవరైనా కాదంటారా?" అన్నాడు.

"కాదంటాం!"

కొండ అదిరింది. బంటయ్య ఆవులింత సగంలో ఆగిపోయింది. వంగి చూస్తే కొండ పొడుగునా జనమే! మూడడవుల జనం!

"ఎవరైనా... కాదంటారా?"

"కాదంటాం! కాదంటాం!"

మూడోసారి అడగడం మానేసి బంటయ్య పెద్దల వైపు తిరిగి, "పదండి కిందికి" అన్నాడు. సభ సభంతా మొదటిసారి కొండ దిగింది. కుందేళ్ళు మాట్లాడాయి, పందులు మాట్లాడాయి, కోతులు అందరికంటే ఎక్కువ మాట్లాడాయి. పెద్దలు నోరు మూసుకుని విన్నారు.

"తప్పంతా మాదే" అన్నాడు బంటయ్య. "ఇకమీదట మేమే దిగొస్తాం. మీరు సరేనని నోరారా అంటేనే సరే."

ఆ మాట ఇంకా పూర్తికాలేదు, అందరూ కొండెక్కేశారు. ఒకరంటే ఒకరికి పడని కోతులూ పందులూ భుజం భుజం కలిపి రాళ్ళు దొర్లించారు. వాగు గలగలా దూకింది. కూనలు కేరింతలు కొడుతూ నీళ్ళలోకి దూకాయి. రేవమ్మ ఏడుస్తూ నవ్వింది, నవ్వుతూ ఏడ్చింది. మూడడవులూ ఒక్కసారిగా ఈలలు వేశాయి.

నీతి: మనకోసం నిర్ణయించేవాళ్ళు మనల్ని అడగాలి, అడగకపోతే అందరం కలిసి అడిగించాలి.