సంతలో పనికి కుదిరిన ముక్కుపుడక

అనగనగా, కొండ దిగితే వచ్చే మొదటి ఊళ్ళో మంగళవారం సంత. ఆ సంతకి కొండ మీది సన్యాసమ్మ తేనె తెచ్చేది. నెత్తిన తేనెకుండ, ముక్కున బంగారు పుడక. అంతే తల్లీ, ఆవిడ ఆస్తి!

సంత పెద్ద సోమలింగం ప్రతి తేనెనీ బొటనవేలి గోటి మీద బొట్టేసి చూసేవాడు. నిలిస్తే మంచిది, జారితే నీళ్ళు కలిపినట్టు. మూడుసార్లు జారిందా, ఆ మనిషికి ఇక సంతలో చోటు లేదు.

సన్యాసమ్మ ఎండలో నడిచొచ్చేసరికి తేనె వేడెక్కి పలచబడేది. మొదటి వారం జారింది. రెండో వారమూ జారింది.

"చుక్క నీళ్ళు కలపలేదు బాబూ!"

"నా గోరు అబద్ధమాడుతుందా?" అన్నాడు సోమలింగం.

"నీ గోటికి ఎండ సంగతి తెలీదు."

అప్పుడు ఆవిడ ఏడుస్తూ కూచుందనుకున్నావా? తిన్నగా కంసాలి గవరాచారి దగ్గరికెళ్ళి సంగతంతా చెప్పింది.

"మా తాత చెప్పేవాడే సన్యాసీ! బంగారాన్ని కంటికి ఆననంత సన్నం చేసి గాజుకి అంటిస్తే, నీళ్ళు తగిలితే ఒక రంగు, చిక్కటిది తగిలితే ఇంకో రంగు చూపిస్తుందట. మరి బంగారమేదీ?"

ఆవిడ ముక్కుపుడక తీసి చేతిలో పెట్టింది.

ఆచారి మొదట కొంచెం ఆకురాయితో అరగదీశాడు. పొడి మరీ ముతకై నీళ్ళలో అడుక్కి దిగిపోయింది. ఆ తర్వాత మిగిలినది ద్రావకంలో కరిగించి, సగం తీసి నిమ్మరసంతో కాచాడు. ఎందులో? ఊరగాయ గిన్నెలో! ఉప్పు తగిలి రేణువులన్నీ ముద్దకట్టి నల్లబడ్డాయి.

"మానేద్దామా?" అన్నాడు నీరసంగా.

"ఇంకా సగముంది కదా, కాయి. గిన్నె నేను తోముతాను."

మూడోసారి నీళ్ళు మంకెనపువ్వులా ఎర్రబడ్డాయి! బంగారం పసుపు కదా అంటావేమో. అంత చిన్నదైతే వెలుగు తగలగానే ఎర్రగా మెరుస్తుంది బంగారూ. చుట్టూ ఉన్నదాంట్లో నీళ్ళు తగ్గి తీపి చిక్కబడితే ఆ రంగూ మారుతుంది.

ఆ రేణువులు అంటించిన గాజుపలకతో మూడో మంగళవారం వచ్చింది సన్యాసమ్మ. సంతంతా మూగింది.

ముందు నీటిచుక్క వేసింది. గులాబీ ఎరుపు.

ఆ తర్వాత తన తేనె. వంగపండు రంగు! ఎండకి కారిందే గాని, అందులో నీళ్ళు లేవుగా మరి.

"ఇప్పుడు నీ గోరు మెచ్చిన తేనె తీయించు బాబూ," అంది.

అది సోమలింగం బావమరిదిదే. తడిగోనె కింద చల్లగా దాచిన సీసా, అందుకే గోటి మీద నిలిచేది. బొట్టు పడగానే రంగు రెంటికీ మధ్యలో ఆగిపోయింది.

"బావా... సీసా కడిగిన నీళ్ళు కాస్త ఉండిపోయాయేమో," అని నసిగాడు బావమరిది.

సోమలింగం బొటనవేలు పిడికిట్లో దాచేసుకున్నాడు. "సన్యాసమ్మా, నీ చోట నువ్వు కూచో తల్లీ," అన్నాడు.

అప్పటినుంచీ ఆ సంతలో ఏ తేనె బొట్టయినా ముందు గాజు మీదే.

"ముక్కు బోడిగా ఉందేమే?" అని ఆడవాళ్ళు ఆటపట్టిస్తే, సన్యాసమ్మ నవ్వేది. "పుడక సంతలో పనికి కుదిరిందమ్మా!"

బొట్టు గాజుకి, తేనె సంతకి,
కథ కంచికి, నీ కళ్ళు నిద్దరకి.