గోధుమరంగు నత్తల కుండ

సోమేశం గురువుగారిని ఏదైనా అడిగితే సమాధానం రాదు, పని వస్తుంది. అందుకే వంశధార ఒడ్డునున్న ఆ ఆశ్రమంలో శిష్యులు ఆచితూచి ప్రశ్నలడిగేవారు. వడ్రంగి లోకనాథానికి ఆ రోజు అంత ఓపిక లేదు.

"గురువుగారండీ, మనవరాలు పుట్టి ఇరవై రోజులైంది. పిల్లకి పిల్లికళ్ళు. మా ఇంటా వంటా లేవు, వియ్యాలవారి వైపూ లేవు. ఎక్కడివంటారు?"

అడిగింది కళ్ళ గురించే గాని, అసలు సంగతి కోడలి గురించి. ఊళ్ళో నాలుగు నోళ్ళు నాలుగు రకాలుగా అంటున్నాయి. కొడుకు మాత్రం అవేవీ చెవిన పెట్టక, అత్తవారింట్లోనే ఉండి కూతుర్ని చూసుకుని మురిసిపోతున్నాడు. రేపు అక్కడే బారసాల. తాత వెళ్ళి పిల్లని తన చేతులతో ఉయ్యాల్లో వేస్తే ఆ నోళ్ళు మూతపడతాయి. వెళ్ళకపోతే ఆ అమ్మాయి ఇక తలెత్తుకోలేదు. లోకనాథం ముచ్చటపడి పనసచెక్కతో చేసిన ఉయ్యాల వారం నుంచి కొట్లో పడి ఉంది.

గురువుగారు అంతా విని, "నత్తల కుండలు శుభ్రం చేసి, ఆకులు మార్చు" అన్నారు.

ఆయనకు చెట్టునత్తలంటే పిచ్చి. పెరట్లో నీడపట్టున రెండు పెద్ద కుండలు ఉంటాయి. ఒకదాంట్లో పసుపు గుల్ల మీద నల్లచారలున్న నత్తలు, రెండోదాంట్లో గోధుమరంగువి ఒక జంట, వాటి చుట్టూ పెసరగింజలంత పిల్లలు. లోకనాథం ఆకులు తీస్తుంటే గోధుమరంగు పిల్లల మధ్య ఒక చారల పసుపు పిల్ల కనిపించింది. ఏ చెక్క ఆ దొంతరలోనే ఉండాలన్నది వడ్రంగి బుద్ధి. పాపం దారి తప్పిందనుకుని, దాన్ని ఆకుతో సుతారంగా ఎత్తి పసుపు కుండలో వదిలాడు. పుణ్యం చేశానని మీసం కూడా దువ్వుకున్నాడు.

కాసేపటికి గురువుగారు వచ్చి గోధుమరంగు నత్తల కుండలోకి తొంగి చూశారు. "ఇందులో పసుపుది ఉండాలే?"

"పక్క కుండలోంచి వచ్చేసినట్టుందండి. దాని అమ్మానాన్నల దగ్గరికి పంపేశాను."

గురువుగారు పడీ పడీ నవ్వారు. "దాని అమ్మానాన్నలు ఇవేనయ్యా! గుడ్డులోంచి వచ్చిన నాడే ఈ రెంటినీ వేరుచేసి, కుండకి గుడ్డ కట్టి పెంచాను. ఇంకో నత్త ముఖం ఎరగవు."

లోకనాథం నోరు తెరిచాడు. "రెండూ గోధుమరంగువే కదండీ! మరి పసుపు ఎలా వచ్చింది?"

"వాటి ముందుతరాల వాళ్ళది. పైకి కనిపించకుండా లోపల దాచుకున్నాయి. ఒక్కటి దాచుకుంటే పిల్లలో బయటపడదు, రెండూ దాచుకోవాలి."

లోకనాథం వెంటనే పక్క కుండ మీదికి వంగాడు. పసుపు కుండలో అన్నీ పెద్దవే కాబట్టి పిల్లని వెతకడం కష్టం కాలేదు. అరచేతిలోకి తీసుకున్నాడు. అది రెండు కొమ్ములూ చాచి, ఏమీ జరగనట్టు చల్లగా వేలి మీదికి పాకింది. ఆయనకు సిగ్గూ సంతోషమూ ఒక్కసారే ముంచుకొచ్చాయి. కోడలు పిచ్చితల్లి, ఈ ఇరవై రోజులూ ఎంత కుమిలిపోయిందో అనుకుంటే కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నత్తపిల్లని దాని కుండలో దింపి, కండువాతో ముఖం తుడుచుకున్నాడు.

"ఉయ్యాల బండికి కట్టించుకుని ఇప్పుడే బయల్దేరతానండి. పొద్దుగూకేలోగా వాళ్ళ ఊరు చేరాలి" అని దండం పెట్టి గబగబా గేటు దాకా వెళ్ళాడు. అక్కడ ఆగాడు. పాత బుద్ధి అంత తొందరగా పోతుందా మరి!

"అయితే గురువుగారండీ, ఆ కళ్ళు కోడలి వైపు నుంచే వచ్చాయన్నమాట!"

గురువుగారు కుండకి గుడ్డ కడుతూ తలెత్తకుండానే అన్నారు: "రెండువైపులా ఉండాలన్నాను కదటయ్యా. సగం నీవేనేమో, వెళ్ళి చూసుకో."