లంగరు తాడు రెండో కొస

రంగూన్ వెళ్ళే ఓడలో చుక్కాని పట్టాలని పోలయ్యకు ప్రాణం కొట్టుకుపోతోంది. కోరంగి రేవులో ఎవరు ఓడెక్కాలన్నా సరంగు మస్తాన్ సాహెబు సరేననాలి. సాహెబు అతని గురువే. అయినా ఇన్నాళ్ళూ ఆ మాట అనలేదు.

సాహెబు ఇంగ్లీషు ఓడల్లో జుట్టు నెరిసినవాడు. తాళ్ళూ ముళ్ళూ నేర్పుతూ, దొరల ఓడ మాటలు ఎలా పుట్టాయో కూడా చెప్పేవాడు. పోలయ్యకు ముళ్ళు ఓ మాదిరిగా వచ్చాయి. మాటలు మాత్రం కంఠతా వచ్చేశాయి. రేవులో చేపలమ్మే ముసలమ్మను కూడా ఆపి మరీ చెప్పేవాడు.

చివరికి సాహెబు పరీక్ష పెట్టాడు. ఓడ యజమాని పేరిశెట్టి గారిని చిన్న పడవలో కూర్చోబెట్టి, ఏరు సముద్రంలో కలిసే మొగదాకా వెళ్ళి లంగరు వెయ్యమన్నాడు. తానూ ఎక్కి ఓ మూల కూర్చున్నాడు. అంతే పరీక్ష.

పోలయ్య దారి పొడుగునా శెట్టిగారి చెవులు ఊదరగొట్టాడు. పూర్వం చుక్కాని పలక, అంటే స్టీర్ బోర్డు, ఓడకు కుడిపక్కన వేలాడేదట, అందుకే ఆ పక్క స్టార్‌బోర్డ్ అయిందట. ముళ్ళు వేసిన తాడు నీళ్ళలోకి వదిలి వేగం కొలిచేవారట, అందుకే వేగాన్ని నాట్లలో, అంటే ముళ్ళలో, చెబుతారట. శెట్టిగారు పాపం నోరు తెరుచుకుని విన్నారు.

మొగ దగ్గర పోలయ్య లంగరు విసిరాడు. తాడు జరజరా జారిపోతోంది.

"ఇదిగో శెట్టిగారూ, ఈ పొట్టి గుంజను బిట్ అంటారండి. తాడు రెండో కొస దీనికి కడతాం. అదే బిట్టర్ ఎండ్. తెలియనివాళ్ళు బిట్టరంటే చేదు అనుకుంటారు" అని నవ్వాడు.

అతను నవ్వుతుండగానే ఆ కొస గుంజ పక్కనుంచి జారి నీళ్ళలో మాయమైంది. కట్టడం మరిచిపోయాడు మహానుభావుడు.

ఆటు మీదుంది ఏరు. పడవ సముద్రంవైపు కొట్టుకుపోసాగింది. శెట్టిగారు తెలిసిన దేవుళ్ళందరికీ మొక్కుకున్నారు. పడవ ఇసుకమేట మీదికి రాగానే సాహెబు తాపీగా ఇంకో తాడు తీశాడు. ఒక కొస గుంజకు కట్టాడు. రెండోది పోలయ్య నడుముకు కట్టాడు.

"దిగు బేటా" అన్నాడు.

గుండెలోతు నీళ్ళు. పోలయ్య కాళ్ళు ఇసుకలో పాతుకుని, వెనక్కి వాలి పడవను ఆపాడు. సిగ్గుతో చచ్చిపోయాడు. ఇక రంగూన్ మాట కల్లేననుకుంటే ఏడుపొచ్చింది.

కాసేపటికి శెట్టిగారి ప్రాణం కుదుటపడింది. పడవ అంచుమీంచి వంగి, "ఎడమపక్కను ఏమంటారో చెప్పావు కాదు అబ్బాయ్" అన్నారు.

పోలయ్యకు తెలుసు. నాలుక చివరిదాకా వచ్చింది. కానీ పెదవి విప్పలేదు. నడుము దగ్గర ముడి తడిమి చూసుకున్నాడు. కాస్త వదులుగా ఉంటే మళ్ళీ బిగించాడు.

"శెట్టిగారూ, రంగూన్ ఓడకి మనిషి దొరికాడు" అన్నాడు సాహెబు.