కొండ నీళ్ల దారి

ప్రశ్న అడిగినవాళ్లను కూర్చోబెట్టి జవాబు చెప్పే అలవాటు శేషయోగి గారికి లేదు. ఆ ప్రశ్న ఎక్కడ పుట్టిందో అక్కడికి తీసుకెళ్లమనేవారు.

ఆయన శిష్యురాలు వకుళ కదిరి దగ్గర ఒక బండరాళ్ల కొండ కింద కొత్తగా ఇల్లు కట్టుకుంది. ఒకనాడు ఆశ్రమానికొచ్చి అడిగింది: "స్వామీ, పచ్చిక పరిచాను, గులాబీలు నాటాను. అన్నీ బాగానే పూస్తున్నాయి. అయినా ఆ తోట ఎవరో దించి మరిచిపోయిన సామానులా ఉంది. తప్పెక్కడ జరిగింది?"

"పద, చూద్దాం" అన్నారాయన.

ఇల్లు చేరేసరికి ఆ ఏటి తొలి పెద్దవాన పట్టుకుంది. మేడ మీద నుంచి చూస్తే, బండల మీది నీళ్లన్నీ ఒక్కటై ఎర్రగా దూకొచ్చి పెరటి గోడను ఢీకొట్టాయి. దారి లేక పక్కకు మళ్లాయి. పక్కన ఉన్నది గంగులప్ప గొర్రెల దొడ్డి. లోపల పిల్లతల్లి గొర్రెలు ఒకటే అరుపులు.

వకుళ ఒక్క ఉరుకున కిందికి దిగి గడ్డపార అందుకుంది.

"పిచ్చి పట్టిందేమే? నిన్నగాక మొన్న కట్టిన గోడ!" అని కేకేశాడు భర్త ఓబుళరెడ్డి.

"దొడ్డి మునిగిపోతాంది! నువ్వూ ఒక పట్టు పట్టయ్యా!"

అతను దొడ్డి వైపు చూశాడు. తనూ పార పట్టాడు. గోడ కూలింది. నీళ్లు లోపలికి విరుచుకుపడి పచ్చికను చాపలా చుట్టేశాయి. గులాబీలు కొట్టుకుపోయాయి. దొడ్డిలో వరద తగ్గింది. గంగులప్ప గొర్రెపిల్లను భుజానేసుకుని బయటికొచ్చి చేయెత్తి దండం పెట్టాడు.

ఏడవాల్సిన వకుళ గంతులేస్తోంది. ఆ నీళ్లకు ఆ పెరడు ఎప్పటినుంచో తెలుసు! రెండు గుండురాళ్ల మధ్య వంపు తిరిగి, పల్లంలో కాసేపు నిలిచి, గేటు కిందుగా వాగులోకి సాగిపోతున్నాయి. ఆమె పుల్లలు విరిచి ఆ వంపు పొడవునా గుచ్చుతూ పరుగెత్తింది.

"ఇదిగో, ఇక్కడ తిరుగుతాండాయి! ఇక్కడ గుంట తీద్దాం. గట్టున కానుగ, ఆ రాళ్ల సందుల్లో సీతాఫలం. గోడ మళ్లీ కట్టొద్దయ్యా!"

బురదలో మునిగిన ఓబుళరెడ్డి ఎప్పుడు మొదలుపెట్టాడో గానీ, ఆమెకు పుల్లలు అందిస్తున్నాడు.

వకుళ తలెత్తి మేడ వైపు అరిచింది: "స్వామీ, తోట కనబడుతోందా?"

తడిసి ముద్దయిన శేషయోగి గారు పిట్టగోడ మీదికి వంగి చూశారు.

"కొండ కనబడుతోందమ్మా. అది ఎక్కడ అయిపోయిందో మాత్రం తెలియడం లేదు."