నాలుగో రోజు కుండ

కౌలుచేను తప్ప సెంటు భూమి లేని నాంచారమ్మ ఆవుపేడ, పంచితం, బెల్లం, ఉలవపిండి కుండలో వారం మురగబెట్టి, నీళ్ళు కలిపి జొన్నచేను మీద చల్లింది. కంకులు మూరెడేసి దిగాయి. ఆ కషాయం కనిపెట్టినవారికి అయిదెకరాల మాన్యం ఇస్తానన్నాడు రాజు.

ఆమె పెరట్లో అంతా చూసిపోయిన ఆస్థాన పండితుడు దీక్షయ్య ముందే సభకు చేరాడు.

"వారం రోజులు నా చేత్తో నేనే కలిపాను ప్రభూ! ఆడదానికి ఇంత బుర్ర ఎక్కడిది?"

ఆ మాట వింటూనే సభలోకి వచ్చింది నాంచారమ్మ. చంకలోని కుండ దించి మూత తీసింది. సభంతా ముక్కు మూసుకుంది.

"ఇది నాలుగో రోజుది అయ్యగారూ. కలిపే వేళ దాటితే పాడైపోతుంది. మీది అలవాటైన చెయ్యి కదా, మోచేతిదాకా పెట్టి ఒక్కసారి కలపండి."

దీక్షయ్య ఉత్తరీయం ముక్కుకు అడ్డం పెట్టుకుని వెనక్కి గెంతాడు.

"ఛీ! పేడ పిసకడం నా పనా? అది ఆడవాళ్ళ పని!"

"నేను మనవి చేద్దామని వచ్చిందీ అదే మహారాజా," అంది నాంచారమ్మ, కుండలో చెయ్యి పెట్టి కలుపుతూ.

రాజు ముక్కు మూసుకునే పకపకా నవ్వాడు. ఆమె చెయ్యి కడుక్కునేదాకా ఆగి, మాన్యం పట్టా ఆ చేతికే ఇచ్చాడు.