పైకప్పెక్కిన పన్ను

అనగనగా ఒక ఊళ్ళో ఒక సన్నాయి ఉండేది. దాన్ని ఊదే నోరు మాత్రం ముసలిదైపోయింది.

ఆ నోరు అప్పలస్వామి తాతది. చుట్టుపక్కల ఊళ్ళలో ఏ పెళ్ళి జరిగినా, ఏ అమ్మవారి పండగ జరిగినా తాత సన్నాయి వినపడాల్సిందే. అలాంటి తాతకు ఒకనాడు ముందు పన్ను కదిలింది. అప్పుడు దాని పక్కది కదిలింది. ఆ తర్వాత వరసగా అన్నీ ఊడిపోయాయి.

చిగుళ్ళ కింద దవడ ఎముక ఉంటుంది. పళ్ళను పట్టుకుని నిలబెట్టడం దాని పని. పళ్ళు పోతే దానికి పని పోయినట్టే, అందుకని అది కూడా నెమ్మదిగా అరిగిపోతుంది. తాతకూ అలాగే అరిగిపోయింది. బుగ్గలు పీక్కుపోయాయి, పెదాలు లోపలికి ముడుచుకున్నాయి. సన్నాయి పీకను పెదాల మధ్య పెట్టుకుంటే వెనక ఆసరా లేదు. పాట బయటికి రావడం మానేసి, పక్కల నుంచి బుస్సుమని గాలి వచ్చేది.

అప్పుడు తాత సన్నాయిని మనవరాలి చేతిలో పెట్టాడు.

మనవరాలి పేరు వరహాలు. పదకొండేళ్ళ పిల్ల. బుగ్గల నిండా గాలి పట్టడం నేర్చుకుంది. ముక్కుతో గాలి పీలుస్తూనే నోటితో వదలడం నేర్చుకుంది. ఆ తర్వాత పాట నేర్చుకుంది. ఆ ఏడు అమ్మవారి పండగకు ఊరేగింపు ముందు వరహాలే ఊదాలని ఇంట్లో అనుకున్నారు. వాళ్ళ నాన్న సన్నిబాబు పక్కన డోలు వాయిస్తాడు.

ఊరి పెద్దలు సరేనన్నారు. కానీ ఒక మాట అన్నారు. "పిల్ల ఊదగలిగితే ఊదమను. లేదంటే టౌను నుంచి బ్యాండు వాళ్ళను పిలుస్తాం." ఒక్కసారి బ్యాండు వచ్చిందంటే మళ్ళీ సన్నాయిని ఎవరూ పిలవరు. ఆ సంగతి ఇంట్లో అందరికీ తెలుసు. వరహాలుకు అందరికంటే బాగా తెలుసు.

పండగ నెల రోజులుందనగా, ఒక పొద్దున వాన పడి వెలిసింది. వరహాలు బిందె తీసుకుని బోరింగు దగ్గరికి వెళ్ళింది. పక్కింటి చిట్టెమ్మ కొడుతోంది. చిట్టెమ్మ ఇంకా చిన్నపిల్ల, పిడిని పట్టుకుని వేలాడితే గానీ అది కిందికి దిగదు. "నువ్వు తప్పుకో, నాను కొడతాను" అంటూ వరహాలు ముందుకు వంగింది. చిట్టెమ్మ తప్పుకుంది. తప్పుకుంటూ పిడి వదిలేసింది. పిడి ఎగిరి వరహాలు పైపెదవికి తగిలింది.

సిమెంటు చప్టా మీద ఏదో టక్కుమంది. వరహాలు వంగి తీసుకుంది. పైవరస ముందు పన్ను. వేరుతో సహా ఊడి వచ్చింది. నోట్లో కనపడే తెల్లటి భాగం కంటే కనపడని వేరు ఇంకా పొడుగు. తన నోట్లో ఇంత పొడుగు వస్తువు దాక్కుని ఉందని వరహాలు అప్పటిదాకా అనుకోలేదు.

ఇంటికి వచ్చేసరికి గౌను ముందంతా నెత్తురు. వాళ్ళ మామ్మ పైడమ్మ పరుగున ఎదురొచ్చింది.

"ఏటైందే నా తల్లీ? ఏదీ, నోరు తెరు."

పైడమ్మ మనవరాలి నోరు కడిగింది. తడిగుడ్డ మడిచి పెదవికి నొక్కింది. ఆ తర్వాత ఆ పిల్ల గుప్పిట్లోంచి పన్ను తీసుకుంది. పన్ను చేతికి రాగానే ఆమె చెయ్యి అలవాటుగా కదిలింది. బట్టలుతికే బండ పక్కన గరిక ఉంటే తుంపింది. పన్నును గరికలో చుట్టింది. బండ పక్కనే నిలబడి, "ఎలకా ఎలకా, పాతది పట్టుకెళ్ళు, కొత్తది మా పిల్లకియ్యి" అని పెంకుటింటి మీదికి విసిరేసింది. వరహాలు పాలపళ్ళన్నీ ఆ దారినే వెళ్ళాయి. అంతకు ముందు సన్నిబాబువీ అలాగే వెళ్ళాయి.

మంచం మీద నుంచి తాత అడిగాడు. "పైడీ, ఏటి ఇసిరినావు?"

"పన్ను."

"ఏ పన్ను?"

పైడమ్మ కప్పు కేసి చూసింది.

"పిల్లకు ముందరి పాలపన్ను ఏడో ఏటే ఊడింది గదా. ఇది రెండోది," అన్నాడు తాత. "మూడోది ఏ ఎలకా ఇవ్వదు. ఇచ్చేదే అయితే ముందు నాకిచ్చును."

పైడమ్మ బండ మీద కూర్చుండిపోయింది. వరహాలు లోపలికి వెళ్ళి సన్నాయి తీసింది. నొప్పిగా ఉన్నా పీకను పెదాల మధ్య పెట్టి ఊదింది. పెదవి సందులోకి జారింది. బుస్సుమంది. అచ్చం తాత గాలి పోయినట్టే పోయింది. వరహాలు సన్నాయిని గోడకు ఆనించి, దాని వైపు చూడకుండా నిలబడింది.

అప్పుడు సన్నిబాబు టౌనులో పళ్ళ డాక్టరమ్మకు ఫోన్ చేశాడు. ఆమె తాతకు కట్టుడు పళ్ళు తయారుచేస్తోంది.

"పన్ను ఊడి వచ్చిందా? ఇప్పుడెక్కడుంది?" అంది డాక్టరమ్మ.

"ఇంటి మీదుందండి."

"ఇంట్లో ఉందా?"

"కాదండి. ఇంటి మీద. పెంకుల మీద. మా అమ్మ ఇసిరీసింది."

"అయితే దించండి," అంది డాక్టరమ్మ. ఆ తర్వాత మూడు సంగతులు చెప్పింది. తెల్లటి భాగమే పట్టుకోవాలి, వేరును ముట్టుకోకూడదు. బూడిదతో గానీ ఉప్పుతో గానీ రుద్దకూడదు. ఎండనివ్వకూడదు, పాలల్లో వేసి తేవాలి. "త్వరగా రండి. ఆలస్యమైతే అది అతుక్కోదు," అని ఫోన్ పెట్టేసింది.

సన్నిబాబు నిచ్చెన వేసుకుని ఎక్కాడు. కింద నుంచి చూస్తే చిన్నగా కనపడే కప్పు, ఎక్కాక పొలమంత ఉంది. ముందు ఒక తెల్లటి ముక్క దొరికింది, అది సున్నం పెచ్చు. ఆ తర్వాత ఇంకొకటి దొరికింది, అది పావురం గుడ్డు పెంకు. మూడోసారి చూరు దగ్గర నిజంగానే పన్ను దొరికింది. "దొరికిందే!" అంటూ దిగి తెచ్చాడు.

తాత దాన్ని అరచేతిలో వేసుకుని చూశాడు. "దీనికి కాలు నేదురా."

నిజమే. పాలపన్నుకు ఊడేనాటికి వేరు మిగలదు. కింద నుంచి కొత్త పన్ను పైకి వస్తూంటే దాని వేరు కొంచెం కొంచెంగా కరిగిపోతుంది. అందుకే పాలపన్ను నొప్పి లేకుండా టోపీలా ఊడి వస్తుంది. ఇది ఎప్పటిదో పాలపన్ను. వానలకు దొర్లి చూరుకు చేరింది.

సన్నిబాబు మళ్ళీ నిచ్చెన వైపు చూశాడు. ఎండ వస్తోంది. అప్పుడు వరహాలు నోటికి గుడ్డ అడ్డం పెట్టుకునే అంది. "మామ్మా, మళ్ళీ ఇసురు."

"ఏటి ఇసరమంటావే?"

"గులకరాయి. గరికలో సుట్టి, ఆ బండ కాడనుంచే ఇసురు. అది ఎక్కడ పడితే పన్నూ అక్కడే."

పైడమ్మ లేచి బండ పక్కన నిలబడింది. మొదటి రాయి విసిరింది. అది చూరుకు తగిలి ఆమె కాళ్ళ దగ్గరే పడింది. రెండోది బాగా గురి చూసి విసిరింది. అది కప్పు దాటి అవతల దొడ్లో పడింది, కోడి అరిచింది.

"ఎన్నడైనా గురి చూసి ఇసిరినావేటి?" అన్నాడు తాత. "కప్పు కేసి చూడకు. ఎలకతో మాటాడు."

పైడమ్మ కళ్ళు మూసుకుంది. "ఎలకా ఎలకా, పాతది పట్టుకెళ్ళు" అంది. "కొత్తది మా పిల్లకియ్యి" అనేలోగానే చెయ్యి దాని పని అది చేసింది. మూడో రాయి కప్పు మీద పాకిన బీరపాదులోకి వెళ్ళింది.

సన్నిబాబు ఎక్కి బీరాకులు తప్పించాడు. రాయి చుట్టిన గరిక కనపడింది. దానికి జానెడు దూరంలో మరో గరిక చుట్ట ఉంది, వాన నీళ్ళకు తడిసి ఉంది. విప్పి చూస్తే అందులో పన్ను. దానికి కాలుంది.

తాత పాలగ్లాసు ముందుకు జరిపాడు. సన్నిబాబు తెల్లటి భాగం పట్టుకుని పన్నును పాలల్లో జారవిడిచాడు. అప్పుడు ముగ్గురూ టౌనుకు మోటారుబండి ఎక్కారు. ముందు సన్నిబాబు, మధ్యలో వరహాలు, వెనక పైడమ్మ. మూత పెట్టిన గ్లాసు పైడమ్మ రెండు చేతుల్లో ఉంది. దారంతా గుంతలే. ఒక్క చుక్క కూడా ఒలకనివ్వలేదు.

డాక్టరమ్మ పన్నును మందునీళ్ళలో ముంచి తీసింది. వరహాలు చిగురుకు సూది మందు ఇచ్చింది. ఆ తర్వాత పన్నును దాని గుంటలోకి నెమ్మదిగా నెట్టింది. సన్నటి తీగతో దాన్ని పక్క పళ్ళకు కలిపి కట్టింది. పైడమ్మ తలుపు దగ్గరే నిలబడి, "అది మేకు లాగ దిగిపోనాదా అమ్మా?" అని అడిగింది.

"పన్ను మేకు కాదమ్మా," అంది డాక్టరమ్మ. "పైన తెల్లగా కనపడేది పింగాణీ పొర. ఒంట్లో దానంత గట్టిది ఇంకోటి లేదు. దాని కింద పచ్చటి పొర ఉంటుంది, ఎముకలాంటిదే. దాని లోపల మెత్తటి గది. నరమూ నెత్తురూ వేరు చివరి కన్నంలోంచి ఆ గదిలోకి వస్తాయి. వేరు చుట్టూ సన్నటి నారలుంటాయి. అవి ఒక వైపు వేరును, ఇంకో వైపు ఎముకను పట్టుకుని పన్నును గుంటలో వేలాడదీస్తాయి. అందుకే గట్టిది కొరికినా పన్ను పగలదు, కొంచెం ఒదుగుతుంది. వాటన్నిటి పైన చిగురు పట్టీలా చుట్టుకుని ఉంటుంది."

"మా డోలు వార్ల లాగన్నమాట," అన్నాడు సన్నిబాబు. "చర్మాన్ని మేకులు కొట్టి బిగించం. వార్లతో లాగి కడతాం."

"అదే. మీ అమ్మాయి పన్నుకు ఆ వార్లు తెగిపోయాయి. వేరు మీద మిగిలినవి ఎండకుండా, రుద్దుకుపోకుండా ఉంటే మళ్ళీ ఎముకను పట్టుకుంటాయి. నేను దాని చోట్లో పెట్టానంతే. పట్టుకోవాల్సింది అవి. లోపలి నరం మాత్రం బతకదు. దాన్ని తీసి ఆ గదిని మందుతో నింపాలి."

"మరి పండక్కి ఊదుతాదా?"

"తీగ విప్పాక చెబుతాను."

అప్పటి నుంచి వరహాలు అంబలి తాగింది, మెత్తటి అన్నం తింది. రోజూ పొద్దున్నే సన్నాయిని ఒళ్ళో పెట్టుకుని, ఊదకుండా కన్నాల మీద వేళ్ళు ఆడించింది. తాత ఎదురుగా కూర్చుని ఆ వేళ్ళు చూసి, "ఆ, అక్కడ తప్పినావు" అనేవాడు. చప్పుడు లేని పాటలో తప్పు పట్టగలిగింది ఆ ఊళ్ళో ఆయనొక్కడే. పైడమ్మ పగలంతా బీరపాదు కేసి చూసేది.

ఆ తర్వాత లోపలి నరం తీయడమూ, మందు నింపడమూ అయ్యాయి. తీగ కూడా విప్పారు. డాక్టరమ్మ పన్నును వేలితో ఇటూ అటూ నెట్టి చూసింది. "వార్లు పట్టాయి," అంది. "మెల్లగా ఊదుకో."

పండగ వచ్చింది. ఊరేగింపు ముందు వరహాలు నిలబడింది. పెద్దలు వెనక నిలబడ్డారు, ఒకాయన చేతిలో బ్యాండు వాళ్ళ నంబరు ఉన్న ఫోన్ ఉంది. వరహాలు పీకను పెదాల మధ్య పెట్టుకుంది. పైపెదవి వెనక పన్ను తగిలింది, దాని చోట్లోనే ఉంది. ఊదింది. మొదటి స్వరం కొంచెం వణికింది. రెండోది నిలబడింది. మూడోదానికి సన్నిబాబు డోలు అందుకున్నాడు. పెద్దాయన ఫోన్ జేబులో పెట్టేసుకున్నాడు. తాత కొత్త కట్టుడు పళ్ళతో తలాడిస్తుంటే అవి టకటకమని తాళం వేశాయి.

వరహాలు ముందు పన్ను మిగతావాటి కంటే కాస్త నల్లబడింది. అంతకు మించి ఏమీ కాలేదు.

కొన్నాళ్ళకు పక్కింటి చిట్టెమ్మ ఊడిన పన్ను పట్టుకుని పైడమ్మ దగ్గరికి వచ్చింది. పైడమ్మ గరిక తుంపింది. తుంపి, ఆగింది. గ్లాసులో పాలు పోయించి పక్కన పెట్టుకుంది. అప్పుడు పన్నును వెలుగుకు ఎత్తి, తిప్పి తిప్పి చూసింది. కాలు లేదు. గరికలో చుట్టి, ఇంటి మీదికి విసరమని చిట్టెమ్మ చేతికే ఇచ్చి, పాలు కూడా ఆ పిల్లనే తాగమంది.

పాలపన్ను పైకప్పుకి,
కాలున్న పన్ను పాలగ్లాసుకి,
కథేమో కంచికి,
మనమేమో మంచానికి.